అక్స్‌బ్రిడ్జ్ రోడ్డు గొంతు

పశ్చిమ లండన్‌లో షెపర్డ్స్ బుష్ నుంచి పడమటి దిక్కుగా సాగే అక్స్‌బ్రిడ్జ్ రోడ్డుకు యాత్రికులను నిలువరించే అందమేదీ లేదు. ఎర్రని రెండంతస్తుల బస్సులు, ఇటుక ఇళ్ల బారులు, కింద దుకాణాలు, పైన కాపురాలు. ఇంతే దాని వైభవం. యాక్టన్, ఈలింగ్, హాన్‌వెల్ దాటి సౌతాల్ చేరేసరికి మాత్రం గాలిలో జిలేబీ వాసన తగులుతుంది. రైల్వే స్టేషను పేరు ఇంగ్లీషుతో పాటు గురుముఖి లిపిలోనూ కనిపిస్తుంది. పంజాబు నుంచి వెళ్లిన కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడి ఉన్నాయి. రాజప్రాసాదాలనూ మ్యూజియములనూ చూడవచ్చినవారు సాధారణంగా ఇటు రారు.

అయినా విద్యుత్ గిటారు వాయించేవారికి ఇది ఒక క్షేత్రం. 1960 దశకంలో ఈ రోడ్డు మీద రూపుదిద్దుకున్న ఒక కంఠస్వరం ప్రపంచమంతటా వ్యాపించింది. యాంప్లిఫయరులోని స్పీకరు చెడిపోయి, దాని స్థానంలో మరొకటి ఎంచుకోవలసి వచ్చిన వాద్యకారుడు షిల్లాంగులో ఉన్నా, సికిందరాబాదులో ఉన్నా, ఇక్కడ జరిగిన కథనే మళ్లీ మొదటినుంచి ఎదుర్కొంటాడు. ఆ కథ తెలియకపోతే డబ్బు పోవటమే కాదు, అతని వాద్యానికి ఉన్న గొంతు కూడా పోవచ్చు.

ఈలింగ్ బ్రాడ్‌వే స్టేషను ఎదుట ఒక నేలమాళిగలో 1962 మార్చి 17న అలెక్సిస్ కార్నర్, సిరిల్ డేవీస్ అనే ఇద్దరు సంగీతకారులు ఒక క్లబ్బు ప్రారంభించారు. అమెరికాలోని నల్లజాతి ప్రజల బ్లూస్ సంగీతానికి అది అంకితమైంది. జనం ఊపిరి ఆవిరంతా పైకప్పున చెమ్మగా పట్టి చుక్కలుగా రాలేది; వాద్యాలు తడవకుండా వేదికపైన గుడ్డ కట్టేవారట. మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ ఇద్దరూ ఆ వసంతంలో బ్రయన్ జోన్స్‌ను కలుసుకున్నది అక్కడే. రోలింగ్ స్టోన్స్ బృందానికి అది నాంది.

అక్కడికి పడమరగా కొద్ది దూరంలో, హాన్‌వెల్‌లో 76వ నెంబరు దుకాణాన్ని జిమ్ మార్షల్ 1960లో తెరిచారు. ఆయన స్వతహాగా డ్రమ్ములు వాయించేవారు, నేర్పేవారు. ఆయన శిష్యుడు మిచ్ మిచెల్ తరువాత జిమి హెండ్రిక్స్ బృందంలో డ్రమ్ములు వాయించాడు. శిష్యుల వెంట వచ్చే కుర్రకారు గిటార్లూ యాంప్లిఫయర్లూ అడగసాగారు. అమెరికా ఫెండర్ యాంప్లిఫయర్లు వారికి ప్రియమైనవే, ఖరీదు మాత్రం అందనిది. దుకాణంలో మరమ్మతులు చూసే కెన్ బ్రాన్, ఇ.ఎమ్.ఐ. సంస్థలో పని నేర్చుకుంటున్న యువకుడు డడ్లీ క్రేవెన్ కలిసి 1962లో ఫెండర్ వారి 'బాస్‌మన్' నమూనాను దాదాపు యథాతథంగా అనుసరించి ఒక యాంప్లిఫయరు తయారు చేశారు.

ఇ.ఎమ్.ఐ. వారి హేస్ పట్టణం సౌతాల్‌కు ఆనుకునే ఉంది. గ్రామఫోను ముందు కూర్చున్న కుక్క బొమ్మ ఎరిగిన తెలుగువారికి అది పూర్తిగా పరాయి ఊరు కాదు. ఆ బొమ్మ ముద్ర గల తెలుగు పాటల రికార్డులు కలకత్తా డమ్‌డమ్ కర్మాగారంలో అచ్చయ్యేవి. ఆ సంస్థ మూలస్థానం హేస్.

సర్క్యూటు నకలే. మరి గొంతు ఎందుకు వేరయింది? విడిభాగాలలో తేడాలున్నాయి, అయితే ముఖ్యమైన తేడా స్పీకర్లది. బాస్‌మన్‌లో షికాగో జెన్‌సెన్ కంపెనీ వారి 10 అంగుళాల స్పీకర్లు నాలుగు, వెనుక తెరిచిన పెట్టెలో ఉండేవి. హాన్‌వెల్‌లో తేలికగా దొరికినవి సెలెస్టియన్ కంపెనీ వారి 12 అంగుళాలవి. ఆ కర్మాగారం అక్కడికి దక్షిణాన 12, 13 కిలోమీటర్ల దూరంలో, నది ఒడ్డున, థేమ్స్ డిట్టన్ గ్రామంలో ఉండేది. అది రేడియో స్పీకర్లతో ఎదిగిన సంస్థ. ఆనాటి ఆ స్పీకరు ఒక్కొక్కటి 15 వాట్లు మాత్రమే భరించేది. రెండింటిని కలిపి పెడితే కొత్త యాంప్లిఫయరు ధాటికి కాలిపోయేవి. అందుచేత నాలుగింటిని, వెనుక మూసిన పెట్టెలో బిగించారు. ఈలింగ్ కళాశాలలో చదివిన పీట్ టౌన్షెండ్ మరింత శబ్దం కావాలనగా ఎనిమిది స్పీకర్ల పెట్టె తయారైంది. మోసేవారి నడుములు విరగటంతో దానిని రెండుగా విడదీసి ఒకదానిపై ఒకటి పేర్చారు. రాక్ వేదికల మీద గోడలా నిలిచే ఆ పెట్టెల పుట్టుక అదీ.

కాగితపు గుజ్జుతో చేసిన శంకువు, దాని మొదట రాగితీగ చుట్ట, ఆ చుట్టను ఆవరించిన అయస్కాంతం: స్పీకరంటే ఇంతే. శక్తి పరిమితి దాటేకొద్దీ కాగితం ఒక్కటిగా కదలలేక ముక్కలు ముక్కలుగా కంపిస్తుంది. రేడియోలో అది దోషం. గిటారులో అదే గుణమైంది. 1966లో ఎరిక్ క్లాప్టన్ జాన్ మేయాల్ బృందంతో రికార్డు చేస్తూ, స్టూడియోవారు అభ్యంతరపెట్టినా తన మార్షల్ యాంప్లిఫయరు శబ్దం తగ్గించలేదు. ఆ చిరుగు స్వరమే తరువాతివారికి ఒరవడి అయింది. తంబురా గుర్రం మీద తంత్రుల కింద నూలుపోగును వెంట్రుకవాసి జరుపుతూ 'జీవ' పట్టించేవారికి ఈ రహస్యం కొత్త కాదు. నూలుపోగు లేని తంత్రి స్వచ్ఛంగానే మోగుతుంది. ప్రాణం మాత్రం ఉండదు.

కాబట్టి కొత్త స్పీకరు కొనేటప్పుడు 'ఎంత బలమైనది?' అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ముందు క్షేమం చూసుకోవాలి. ఓముల సంఖ్య యాంప్లిఫయరు కోరినదే కావాలి. వాల్వు యాంప్లిఫయరును తప్పుడు ఓములతో గాని, అసలు స్పీకరు తగిలించకుండా గాని నడిపితే లోపలి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయే ప్రమాదముంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది. 16 ఓముల స్పీకర్లు రెండింటిని సమాంతరంగా కలిపితే 8 ఓములు. నాలుగింటిని రెండేసి జతలుగా కలిపితే మళ్లీ 16. ఇక వాట్ల సంగతి. 30 వాట్ల వాల్వు యాంప్లిఫయరును పూర్తిగా పెంచితే అంతకు ఎంతో మించిన శక్తి వెలువడుతుంది గనుక, స్పీకర్ల మొత్తం సామర్థ్యానికి తగినంత ఎడం ఉంచాలి.

ఆ తరువాత చూడవలసినది గొంతు. ఒకే శక్తికి ఒక స్పీకరు ఎంత బిగ్గరగా పలుకుతుందో డెసిబెల్ అంకె చెబుతుంది. 3 డెసిబెళ్ల తేడా అంటే యాంప్లిఫయరు శక్తిని రెట్టింపు చేసినంత. చిన్న గదిలో వాయించేవారికి తక్కువ అంకె గల స్పీకరే మేలు కావచ్చు. సెలెస్టియన్ నీలిరంగు స్పీకరు 15 వాట్లది, ఆకుపచ్చ మూత గలది 25 వాట్లది. త్వరగా కంపించి చిరుగు స్వరం ఇవ్వటమే వాటి పేరుకు కారణం. 1986లో వచ్చిన 'వింటేజ్ 30' పేరులో 30 ఉన్నా, అది భరించేది 60 వాట్లు; పేరు చూసి మోసపోరాదు. బలిష్ఠమైన స్పీకరు చాలాసేపు స్వచ్ఛంగా నిలుస్తుంది. స్వచ్ఛతే కావలసినవారికి అది వరం; అక్స్‌బ్రిడ్జ్ రోడ్డు గొంతు కోరేవారికి నిరాశ. పాటలు వినే పెట్టెలోని స్పీకరును తెచ్చి బిగిస్తే ఇంకా చేటు. గిటారు స్పీకరు 5000 హెర్ట్జ్ దాటిన ధ్వనులను చాలావరకు మింగివేస్తుంది. ఆ అడ్డు లేనప్పుడు చిరుగు స్వరం ఈగల రొదలా వినిపిస్తుంది.

థేమ్స్ డిట్టన్‌లో ఇప్పుడు స్పీకర్లు తయారు కావు. 1960 దశకం చివర సఫోక్‌లోని ఇప్స్‌విచ్ పట్టణానికి మొదలైన తరలింపు కొన్నేళ్లలో ముగిసింది. 1992లో సంస్థ హాంగ్‌కాంగ్ యాజమాన్యం చేతికి వెళ్లింది. నేడు దాని స్పీకర్లలో ఎక్కువ భాగం చైనాలో తయారవుతాయి. హాన్‌వెల్ దుకాణమూ లేదు. జిమ్ మార్షల్ 2012లో మరణించారు. అందువల్ల పాత పేరు ముద్రించి ఉన్నంత మాత్రాన పాత గొంతు వస్తుందనుకోరాదు. కొత్త కాగితం బిగుతు సడలటానికి కొన్ని గంటల వాదనం కూడా పడుతుంది.

అన్నిటికన్నా ముందు చేయవలసిన పని ఖర్చులేనిది. మూగబోయిన స్పీకరును విడదీసి మీటరుతో కొలవాలి. 8 ఓములదైతే 6, 7 ఓములు, 16 ఓములదైతే 12, 13 ఓములు కనబడితే చుట్ట బతికే ఉన్నట్లు. లోపం బయటి తీగలోనో టంకంలోనో ఉండవచ్చు. చుట్ట కాలిపోయినా పాత చట్రాన్నీ అయస్కాంతాన్నీ పారవేయనక్కరలేదు. శంకువునూ చుట్టనూ కొత్తవి వేసే పనివారు ఇంగ్లండులోనూ ఉన్నారు, మన నగరాల్లోనూ ఉన్నారు. అయితే కొత్త కాగితం మందమైనదైతే స్పీకరు బతుకుతుంది, గొంతు మారుతుంది. పాత కాగితం ఎంత పలుచనిదో చూపి, అటువంటిదే వేయమని అడగటం మరచిపోరాదు.