బొమ్మను మోసే తీగ

టీవీకీ, దానికి బొమ్మను అందించే పెట్టెకూ మధ్య వేసే తీగ ఆ బొమ్మకు కొత్త అందమేదీ చేర్చలేదు. తనకు అందినదాన్ని వీలైనంత నష్టం లేకుండా చేరవేయడం వరకే దాని పని. ఈ సంగతి తెలిస్తే దుకాణంలో వినిపించే వర్ణనల్లో చాలావాటికి తూకం తగ్గిపోతుంది.

పాత డీవీడీ ప్లేయర్లతో వచ్చే పసుపు తల తీగ సామర్థ్యానికి హద్దు గీసింది రంగుల టీవీ పుట్టుకే. నలుపు తెలుపు సెట్లున్న ఇళ్లలోనూ అవే ప్రసారాలు కనిపించాలి గనుక, వెలుగునీడలను చెప్పే సంకేతంలోనే రంగుల వివరాన్ని ఇమిడ్చి పంపే పద్ధతి ఏర్పడింది. 1982లో భారతదేశంలో మొదలైన రంగుల ప్రసారాలూ ఈ పద్ధతినే అనుసరించాయి. పసుపు తీగ మోసేది ఆ కలగలుపు సంకేతాన్నే కాబట్టి, టీవీ దాన్ని మళ్లీ పూర్తిగా విడదీయలేక అక్షరాల అంచుల వెంట పాకే చుక్కలను చూపిస్తుంది. ఎస్-వీడియో తీగ వెలుగును, రంగును వేరుచేసి పంపితే, కాంపొనెంట్ అనే మూడు తీగల ఏర్పాటు రంగు వివరాన్ని కూడా రెండుగా చీల్చి పంపుతుంది. చూసినవారు పొరబడడం సహజమే గానీ, అందులో ఆకుపచ్చ తల తీగ మోసేది ఆకుపచ్చ రంగును కాదు, వెలుగును. ప్లేయరుకూ టీవీకీ రెండింటికీ ఆ మూడు రంధ్రాలు ఉన్నప్పుడు పసుపు తీగను వాడడం చేతిలో ఉన్న నాణ్యతను వదులుకోవడమే.

2002లో వచ్చిన హెచ్‌డీఎంఐలో బొమ్మ అంకెలుగా ప్రయాణిస్తుంది. తీగ బలహీనమైతే రంగులు వెలిసిపోవు. తెరపై మెరుపుల్లా చుక్కలు రాలడమో, బొమ్మ ఉన్నట్టుండి మాయమవడమో జరుగుతుంది. కాబట్టి ఖరీదైన తీగతో రంగులు నిండుగా వస్తాయన్న మాటకు ఆధారం లేదు. తలకు వేసిన బంగారు పూత తుప్పును ఆపుతుంది గనుక విశాఖ వంటి సముద్రతీరపు ఊళ్లలో దానికి కొంత విలువ ఉంది, అంతే.

అట్టపెట్టె మీద చూడవలసింది వేగాన్ని సూచించే తరగతి పేరు. సెకనుకు 60 చట్రాల సాధారణ 4కె బొమ్మకు 18 గిగాబిట్ల ప్రీమియం హైస్పీడ్ తరగతి చాలు; 48 గిగాబిట్ల అల్ట్రా హైస్పీడ్ అవసరం కొత్త గేమింగ్ యంత్రాల వంటివాటికే. మామూలు హెచ్‌డీ సెట్‌టాప్ బాక్సుకు దాన్ని కొనడం దండగ.

అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించవలసింది పొడవు గురించి. వేగం పెరిగేకొద్దీ రాగి తీగలో సంకేతం త్వరగా నీరసిస్తుంది. రెండు మీటర్లలో నిక్షేపంగా నడిచే రకమే ప్రొజెక్టరు దాకా పదిహేను మీటర్లు లాగితే తడబడవచ్చు. అంత దూరానికి సంకేతాన్ని కాంతిగా మార్చి గాజుపోగుల్లో పంపే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తగినది. అయితే దీనిలో బొమ్మ ఒకే దిక్కున నడుస్తుంది కాబట్టి, ఏ కొస పెట్టెకో ఏ కొస తెరకో దాని మీది గుర్తు చూసి, గోడలోకి దూర్చకముందే ఒకసారి కలిపి పరీక్షించాలి. గోడలో వేసే పైపు కూడా తీగ మందానికి కాక దాని తల దూరేంత వెడల్పుగా ఉండాలి.