కోనరావుపేటలో బుల్లెట్టు ఇంజను

వేములవాడ బస్టాండు దాటి పడమటి దిక్కుగా సాగితే, కాసేపటికే పట్టణపు సందడి వెనకబడిపోతుంది. రాజన్నకు కోడె మొక్కు చెల్లించడానికి వచ్చే జనం, లాడ్జీల బోర్డులు, బొమ్మల దుకాణాలు అన్నీ అక్కడితో సరి. ఇక అంతా వరి మళ్ళు, తాటిచెట్లు, అక్కడక్కడ గుట్టలు, మూలవాగు ఇసుక. ఆ వాగును నిండుగా చూడాలంటే వానాకాలంలోనే రావాలి. ఆ దారిలోనే కోనరావుపేట మండల కేంద్రం ఉన్నది. 2016 అక్టోబరు 11న రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడేవరకు ఇది కరీంనగర్ జిల్లాలోని ఊరు. మండలంలో మల్కపేట దగ్గర కాళేశ్వరం పథకం కింద 3 టి.ఎం.సి.ల జలాశయం కట్టారు. ఆ కట్ట చూడడానికి చుట్టుపక్కల వారు పిల్లలతో సహా వస్తుంటారు.

ఊళ్ళో నడిస్తే రెండు సంగతులు కంటపడతాయి. ఒకటి, అరుగుల మీద చాటలు ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టే ఆడవారు. రెండవది, పెంకుటిళ్ళ నడుమ రంగులు వేసిన సిమెంటు మేడలు. ఆ మేడలు కట్టిన వారిలో చాలామంది వాటిలో నివసించరు. రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి సెలవు మీద వచ్చి, నెల తిరగకముందే దుబాయికో మస్కట్టుకో తిరిగి వెళ్ళిపోతారు. హైదరాబాదు చూడని పిల్లలు కూడ షార్జాలో ఇప్పుడు టైము ఎంతయిందో ఠక్కున చెప్పగలరు.

మేము అక్కడికి వెళ్ళింది మా అక్కయ్య, బావగార్ల ఇంటికి. బావగారు మస్కట్టులో తొమ్మిదేళ్ళు పనిచేసి వచ్చి, ఆ మిగులులో 1996 నాటి బుల్లెట్టు 350 ఒకటి పాతది కొన్నారు. వడ్ల బస్తాలు మోసింది అదే. మేనల్లుడు పుట్టినప్పుడు తల్లీబిడ్డలను వేములవాడ నుండి ఇంటికి తెచ్చింది అదే. ఇప్పుడు ఆ మేనల్లుడు షార్జాలో పని చేస్తున్నాడు. కిందటిసారి సెలవులో దానికి వెడల్పాటి హ్యాండిలు, పల్లపు సీటు వేయించి క్రూజరులాగా మార్పించాడు. క్రూజరు అనగా తొందర లేకుండా, నడుము నిటారుగా పెట్టుకొని దూరం పోయే బండి. కంపెనీ వారు 2002లో ఆ తీరుగానే థండర్‌బర్డ్ అనే బండి తెచ్చి 2020 వరకు అమ్మారు. ఆ ఏడు నవంబరులో దాని స్థానంలో మీటియర్ 350 వచ్చింది. కాని పల్లెటూళ్ళలో పాత బుల్లెట్టునే అలా దిద్దుకోవడం చాలాకాలంగా ఉన్నదే.

ఈసారి అతడు సెలవు మీద వచ్చిన నాలుగో రోజున, వేములవాడ నుండి వస్తుండగా ఇంజను అడుగున టకటకమని చప్పుడు మొదలైంది. ఊరు ఇంకా దూరమే. ఒక కిలోమీటరు గడవకముందే బండి బిగుసుకుపోయింది. ట్రాలీ ఆటోలో వేసుకొని తెచ్చారు. మేము వెళ్ళేసరికి బండి వేపచెట్టు కింద ఉన్నది. తండ్రీకొడుకుల నడుమ మాటలు లేవు.

"పోయింది పోయింది. తుక్కుకు అమ్మి పారెయ్. ఏజెంటు అప్పే ఇంక తీరలేదు," అని బావగారు. "మామా, నువ్వన్న చెప్పు నాయనకు. ఎట్లనన్న చేపిద్దాం. నేను మల్ల పోయేకాడికి ఇరవై రెండు రోజులున్నయి," అని మేనల్లుడు.

వేములవాడలో ఒక పెద్దాయన ఉన్నాడు. అందరూ ఉస్తాద్ అని పిలుస్తారు. నలభై ఏళ్ళుగా బుల్లెట్లు తప్ప వేరే బండి ముట్టలేదట. మరునాడు బండిని ఆయన దగ్గరకు చేర్చాము. ఇంజను విప్పుతుంటే పక్కనే స్టూళ్ళు వేసుకొని కూర్చున్నాము. డ్రెయిను బోల్టు తీయగానే పళ్ళెంలోకి దిగిన నూనెలో వెండి పొడిలా ఏదో తళతళలాడింది. ఉస్తాదు దానిని వేళ్ళ మధ్య నలిపి చూసి, "బిగ్ ఎండు గయా," అన్నాడు.

పాఠకులలో బుల్లెట్టు ఉన్న ఇండ్లవారు ఉంటారు గనుక, జరిగినదేమిటో కాస్త వివరంగా చెబుతాము. పిస్టను కిందకూ పైకీ ఆడుతుంది. ఆ ఆటను చక్రపు తిరుగుడుగా మార్చేది కనెక్టింగ్ రాడ్డు. రాడ్డు అడుగు భాగం క్రాంకు పిన్ను చుట్టూ తిరిగే చోటే బిగ్ ఎండు. పాత బుల్లెట్టులో అక్కడ గుండ్లు, రోలర్లు ఉండవు. మెత్తని లోహపు పూత గల ఒక ఉంగరం, అనగా బుష్షు, రెండింటి నడుమ నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. నూనె అందినంతకాలం చక్కగా, నిశ్శబ్దంగా పనిచేస్తుంది. అందకపోతే నిమిషాలలో అరిగిపోతుంది. బిగ్ ఎండు నుండి చిమ్మే నూనెతోనే సిలిండరు గోడలు కూడ తడుస్తాయి. అందుకే అక్కడ ఎండితే పైన పిస్టను కూడ గీసుకుపోతుంది. ఈ బండికి రెండూ జరిగినవి.

"నూనె నిండుగనే ఉండె గద ఉస్తాద్! పొద్దున పైన బోల్టు వదులు చేసి సుత చూసిన. నూనె మంచిగనే కారింది," అన్నాడు మేనల్లుడు.

ఉస్తాదు నవ్వి టైమింగు కవరు లోపలి వైపు చూపాడు. పంపు తోసిన నూనె ఆ కవరులో నుండి క్రాంకు చివరకు ప్రవేశించే చోట చిన్న కార్కు సీలు ఒకటి ఉంటుంది. చిటికెన వేలి గోరంత ముక్క. అది ఎండి, అంచు రాలిపోయి ఉన్నది. కొన్నాళ్ళ క్రితం వేరెవరో ఆ కవరు విప్పి, పాత సీలునే తిరిగి పెట్టి బిగించారు. దానితో నూనె క్రాంకులోకి పోకుండా పక్కకు కారి, అడుగుకు జారింది. అడుగున చేరిన నూనెను రెండవ పంపు ఎత్తి పైన వాల్వుల దగ్గరకు పంపుతుంది.

"అందుకే పైన కనవడ్డది బిడ్డా. అది వాపసు వచ్చే నూనె. పైన తడి ఉన్నదని కింద దూప తీరినట్టు గాదు," అన్నాడు ఉస్తాదు.

మీ ఇంట్లో ఈ కాలపు బండి ఉండి, మెకానిక్కు ఎప్పుడైనా ఆ కవరు విప్పితే, ఆ ఒక్క సీలు కొత్తది వేశాడా అని అడగండి. పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక అసలు తగవు అప్పుడు మొదలైంది. ఎలాగూ విప్పాము గనుక 500 సి.సి. చేద్దామని మేనల్లుడి కోరిక. ఉస్తాదు ఒక బీడీ వెలిగించి లెక్క చెప్పాడు. కంపెనీ లెక్కలో 350కి 18 గుర్రాల బలం, అదే కాలపు 500కు 22. ఆ నాలుగు గుర్రాల నిమిత్తం కొత్త సిలిండరు, కొత్త హెడ్డు, వేరే కార్బొరేటరు కొనాలి. అది పట్టేలా ఇంజను గూడు నోరు కూడ కోయించాలి. అప్పటికీ గేరు పెట్టె, బ్రేకులు పాతవే. బావగారేమో మొత్తానికే వద్దు అంటారు. వారిద్దరి మధ్య మేము ఏమి చెప్పగలము?

చివరకు మాట తెగగొట్టింది అక్కయ్య. సాయంత్రం ఉస్తాదుకు ఫోను కలిపించి ఒకే ప్రశ్న అడిగింది. "భాయ్, చేపిస్తె ఎన్నేండ్లు నడుస్తది?"

"అమ్మా, బలం పెంచుడు గాదు, నూనె దారి మంచిగ చేస్తె మీ మనుమలు నడుపుతరు."

"అయితే చెయ్యిరి," అని ఫోను పెట్టేసింది. బీడీల మీద కూడబెట్టిన డబ్బులోనుండి సగం తానే ఇచ్చింది. బావగారు ఇక నోరు మెదపలేదు.

తరువాతి పది రోజులు ఇంజను ముక్కల వెంట మేమూ తిరిగాము. క్రాంకును గోనె సంచిలో చుట్టి బస్సులో సిరిసిల్లకు తీసుకుపోయాము. సిరిసిల్ల అంటే మరమగ్గాలు. వీధిలో నడుస్తుంటే గోడల వెనుక నుండి ఆ లడలడ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఒకప్పుడు ఇక్కడి పద్మశాలి కుటుంబాలు బతుకుతెరువుకు భివండికి, షోలాపూరుకు వలసపోయాయి. పని లేని ఏండ్లలో ఈ ఊరు ఎన్ని చావులు చూసిందో పత్రికలు చదివేవారికి గుర్తే. 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చినప్పుడు కొంత ఊపిరి పీల్చుకున్నారు. మగ్గాలున్న ఊళ్ళో లేతు మిషన్లు ఉండక తప్పదు. మగ్గపు ఇరుసులు తిప్పే చేతికి బుల్లెట్టు క్రాంకు పెద్ద పని కాదు. ఆ లేతు అబ్బాయి దెబ్బతిన్న పిన్ను తీసివేసి, రోలర్ల బేరింగు గల కొత్త రాడ్డును బిగించాడు. తేలే బుష్షే మృదువుగా నడుస్తుందని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. అది నిజమే కావచ్చు. కాని నూనె ఒక క్షణం తక్కువైనా రోలర్లు ఓర్చుకుంటాయి. పల్లె బండికి ఆ ఓర్పే కావాలి.

రెండు ఫ్లైవీళ్ళు మళ్ళీ ఒకే వరుసలో నిలవడం అన్నింటికంటె కష్టమైన పని. క్రాంకును రెండు కొనల మధ్య పట్టించి, ముల్లు గడియారం ఆనించి తిప్పుతారు. ముల్లు ఊగిన చోట రాగి సుత్తితో ఒక దెబ్బ. మళ్ళీ తిప్పడం, మళ్ళీ ఒక దెబ్బ. అంగుళంలో వెయ్యి భాగాలు చేస్తే, అందులో రెండు భాగాలకు మించి ఊగరాదట. పొద్దున పదింటికి మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. మేము రెండుసార్లు చాయ్ తాగి వచ్చాము. ఆ అబ్బాయి తల ఎత్తలేదు.

సిలిండరు కరీంనగరుకు వెళ్ళింది. గీతలు పోయేవరకు లోపల తొలిచి, అర మిల్లీమీటరు పెద్ద పిస్టను వేయాలన్నారు. 70 మిల్లీమీటర్ల బోరు 70.5 అయింది. స్ట్రోకు 90 అలాగే ఉంటుంది గనుక 346 సి.సి. ఇంజను 351 అవుతుంది. "చూసినవా మామా, పెంచనే పెంచినం!" అని మేనల్లుడు నవ్వాడు. గొడవ మొదలైన తరువాత అతడు నవ్వడం అదే మొదటిసారి.

తిరిగి బిగించేటప్పుడు ఉస్తాదు కార్కుకు బదులు నూనెకు చెడని రబ్బరు సీలు వేశాడు. ఎక్కువ నూనె తోసే పంపు పెట్టాడు. తోసే పంపు ఒక్కటే పెంచితే అడుగున నూనె నిండి బండి పొగ కక్కుతుంది గనుక, ఎత్తే పంపును కూడ మార్చాడు. పాయింట్లు తీసివేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషను అమర్చాడు. ఇది బావగారి మోకాలి నిమిత్తం. పాయింట్ల వరుస తప్పితే కిక్కు ఎదురు తన్నుతుంది. ఆ దెబ్బ తిన్నవారికే తెలుస్తుంది.

ఈ ఇంజనుకు ఇంత సేవ చేయడం వీలయింది అంటే కారణం దాని పాతతనమే. 1955లో మద్రాసు మోటార్సు వారు ఇంగ్లండులోని రెడ్డిచ్ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను నెలకొల్పి, మద్రాసు శివారు తిరువొత్తియూరులో ఈ బండ్లు చేయసాగారు. రెడ్డిచ్ కర్మాగారం 1967లో మూతపడింది. పుట్టినింట దీపం ఆరినా మెట్టినింట వెలుగుతూనే ఉన్నది. ఇంజను వేరు, గేరు పెట్టె వేరు, ప్రతి భాగం స్పానరుతో విప్పదగినది. కొత్త బండ్లు సుఖంగా నడుస్తాయి, కాదనము. కాని వాటి ఇంజనును గోనె సంచుల్లో మూడు ఊళ్ళు తిప్పి బాగుచేయించడం మాకు ఊహకు అందడం లేదు.

పద్దెనిమిదో రోజు సాయంత్రం మూడో కిక్కుకు బండి అందుకున్నది. కొద్దిసేపు నీలి పొగ వచ్చి ఆగింది. ఉస్తాదు స్క్రూడ్రైవరు మొనను కేసుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని చాలాసేపు విన్నాడు. ఆ తరువాత షరతు చెప్పాడు. 500 కిలోమీటర్ల వరకు 40 దాటరాదు, వెనుక బరువు వేయరాదు, ఇరవై కిలోమీటర్లకొకసారి ఆపి చల్లారనివ్వాలి.

మేనల్లుడికి నాలుగు రోజులే మిగిలాయి. ఆ నాలుగు రోజులూ 40లోనే తిరిగాడు. ఎద్దుల బండి కూడ దాటిపోతుందని స్నేహితులు ఎగతాళి చేశారు. 140 కిలోమీటర్లు అయ్యేసరికి అతని విమానం వేళ అయింది. మిగిలిన 360 బావగారి వంతు. వద్దన్న మనిషే రోజూ పొద్దున్నే నిమ్మపల్లి వరకు ఒకసారి, మర్రిమడ్ల వైపు ఒకసారి, సాయంత్రం మల్కపేట కట్ట దాకా ఒకసారి వెళ్ళి వస్తున్నాడని అక్కయ్య ఫోనులో చెప్పింది. ఇరవై కిలోమీటర్లకు ఒక చెట్టు చొప్పున ఆపుకునే చెట్లు కూడ నిర్ణయించుకున్నాడట.

500 నిండిన రోజున మేమూ వేములవాడకు వెళ్ళాము. ఉస్తాదు నూనె దించి, అయస్కాంతం ముక్కను పళ్ళెంలో తిప్పి తీశాడు. దాని మీద బూడిద రంగు మెత్తని జిడ్డు మాత్రమే అంటింది. పలుకులు లేవు, మెరుపు లేదు. గుడ్డతో తుడిచి, కొత్త నూనె పోసి, తరువాతి మార్పు 2,000 దగ్గర అని చెప్పాడు. ఇంటికి రాగానే బావగారు ఆ అంకెను బొగ్గుతో గోడ మీద, కరెంటు మీటరు పక్కన, పెద్దగా రాసిపెట్టారు.