ఇంకా ఎర్రగానే ఉంది!

క్రోసూరు రైతుకు సముద్రంతో పనేముంటుంది? చేను, సాగర్ కాలవ, మిరప కల్లం, పత్తి బోరేలు... ఆయన లోకం అంతే. అలాంటి మనిషి 2010 మే నెలలో విశాఖలో ఓడెక్కి పోర్ట్‌బ్లెయర్‌లో దిగాడు. కొడుకు అక్కడ సైన్సు మాస్టారు. చూసొస్తానని ఇంట్లో చెప్పాడు గానీ అసలు పని వేరు. పత్తి వరసగా రెండేళ్లు ముంచింది. ఉన్న నాలుగెకరాలూ అమ్మేసి అప్పు తీర్చుకుందామా అని కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగాలి.

‘‘వచ్చిన రోజే పొలం మాటెందుకు నాన్నా, నాలుగు రోజులుండు’’ అన్నాడు కొడుకు.

ఆదివారం నార్త్ బేకి తీసుకెళ్లాడు. అక్కడ అడుగున అద్దం బిగించిన పడవలుంటాయి. కూర్చున్న చోటి నుంచే నీళ్లలోని పగడాలను చూడొచ్చు. ‘‘పూలతోటలా ఉంటుంది చూడు’’ అని దారంతా ఊరించాడు. తీరా చూస్తే ఎక్కడ చూసినా తెలుపే.

‘‘ఏందిరా ఇది, సున్నం కొట్టినట్టుంది?’’

కొడుకు ముఖం మాడిపోయింది. ఆ ఏప్రిల్, మే నెలల్లో అండమాన్ సముద్రం కాగిపోయింది. ఎన్నోచోట్ల పగడాలు పాలిపోయాయి. ఆ సంగతి తెలుసు గానీ ఇంతగా ఉంటుందని అతనూ అనుకోలేదు.

పగడం రాయి కాదు, మొక్కా కాదు. చిన్నచిన్న ప్రాణులు వేలకు వేలు కలిసి కట్టుకున్న ఊరు. ఒక్కో ప్రాణి ఒంట్లో కంటికి కనపడనంత చిన్న నాచు కాపురముంటుంది. ఎండను పట్టి తిండి వండేది ఆ నాచే. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా అలా అందుతుంది. బదులుగా పగడం దానికి చోటిస్తుంది, తన ఒంట్లోంచి వచ్చే వ్యర్థాలను ఎరువుగా ఇస్తుంది. ఆ రంగులు కూడా చాలావరకు నాచువే.

మామూలు వేసవి వేడి కన్నా ఒక్క డిగ్రీ పెరిగి, అలా కొన్ని వారాలు నిలిస్తే చాలు, ఈ కాపురం చెడుతుంది. వేడికి నాచులోని యంత్రాంగం దెబ్బతిని, ఒంటికి హాని చేసే రూపంలో ఆక్సిజన్ పుడుతుంది. పగడం దాన్ని భరించలేక నాచును బయటికి పంపేస్తుంది. అద్దంలాంటి చర్మం కింద సున్నపు ఎముక బయటపడుతుంది. అదే ఆ తెలుపు.

‘‘అయితే చచ్చినట్టేనా?’’

‘‘ఇంకా లేదు నాన్నా. ఆకలితో ఉంది. తొందరగా నీళ్లు చల్లబడితే నాచు మళ్లీ చేరుతుంది. ఆలస్యమైతేనే ప్రాణం పోతుంది.’’

పెద్దాయన కాసేపు అద్దంలోకే చూశాడు. ‘‘ఇది మన కంది వేళ్లకుండే బుడిపెల లెక్కే గదరా!’’ అన్నాడు.

నిజమే. కంది, మినుము వేళ్ల బుడిపెల్లో రైజోబియం బ్యాక్టీరియా ఉంటుంది. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు పెడుతుంది, మొక్క దానికి చక్కెర పెడుతుంది. బుడిపెను గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉందంటే పని జరుగుతున్నట్టు. తెల్లగా ఉందంటే లేనట్టు. బెట్టకూ వేడికీ ఆ పొత్తు కూడా దెబ్బతింటుంది.

నాచుల్లోనూ రకాలున్నాయని చెప్పాడు కొడుకు. దురుస్‌డినియం అనే జాతి నాచులు వేడిని బాగా ఓర్చుకుంటాయి. అలాంటి నాచు చేరిన ఒక రకం పగడం ఇంకో డిగ్రీ, డిగ్రీన్నర వేడిని తట్టుకుంటోందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2006లో తేల్చారు.

‘‘మరి అన్నీ దాన్నే పెట్టుకోవచ్చుగా?’’

‘‘అది తిండి తక్కువ పెడుతుంది నాన్నా. పగడం ఎదుగుదల తగ్గిపోతుంది.’’

బెట్టకు ఆగే రకం దిగుబడి తక్కువిస్తుందని రైతుకు ఒకరు చెప్పాలా! ‘‘అంటే బాకీకి గడువు పెంచినట్టే గానీ తీర్చినట్టు కాదు’’ అన్నాడాయన. కొడుకు నవ్వలేదు. పిల్లలకు ఇంత సూటిగా తను ఎప్పుడూ చెప్పలేకపోయాడు.

పొలం ఊసు తిరుగు ప్రయాణం రోజుదాకా రాలేదు. ఓడ దగ్గర ఆయనే అన్నాడు, ‘‘ఈ ఒక్క ఏడూ చూద్దాంలే.’’

ఆ ఏడు పత్తిలో కంది సాళ్లు పెట్టాడు. తండ్రి పోయాక మానేసిన పద్ధతి అది. మినుముకు బెల్లం నీళ్లతో రైజోబియం పట్టించి విత్తాడు. దాంతో కనకవర్షం కురవలేదు, అప్పూ ఒక్కసారిగా తీరలేదు. యూరియా ఖర్చు కాస్త తగ్గింది, పప్పు కొనే పని తప్పింది. చేను మాత్రం నిలిచింది.

సముద్రానికి మాత్రం గడువు దగ్గర పడుతోంది. పగడాలకు పొంచి ఉన్న వేడిని ఉపగ్రహాల లెక్కలతో ముందే హెచ్చరించే పనిని 2011 నుంచి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ చేస్తోంది. నాచును నాలుగేళ్లపాటు 31 డిగ్రీల వేడిలో పెంచి రాటుదేల్చామనీ, అందులో కొన్ని రకాలు పగడం పిల్లలకు వేడిని తట్టుకునే శక్తినిచ్చాయనీ 2020లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ప్రకటించారు. అదీ ప్రయోగశాలలో. ఈలోగా 2023లో మొదలైన సెగ రెండేళ్లలో ప్రపంచంలోని పగడపు దిబ్బల్లో 84 శాతాన్ని తాకింది. ఎంత మొండి నాచయినా కొంత వ్యవధే ఇవ్వగలదు. ఆ వ్యవధిలో వేడి తగ్గించుకోవాల్సింది మనిషే.

ఇప్పుడు పెద్దాయనకు డెబ్బై దాటాయి. వేసవి వస్తే ఫోన్ చేసి ‘‘నీళ్లు ఎట్టా ఉన్నయ్‌రా?’’ అని అడుగుతాడు. వానాకాలంలో అడిగేది కొడుకు... ‘‘చేను ఎట్టా ఉంది నాన్నా?’’

ఆయన గట్టు మీద కూర్చుని ఒక కంది మొక్క పీకుతాడు. వేరుకున్న మట్టి దులిపి, బుడిపెను గోటితో చిదిమి చూస్తాడు.

‘‘ఇంకా ఎర్రగానే ఉందిరా అబ్బాయ్!’’