ఆ ఇద్దరూ లేని ఇండియన్ ఓషన్!

‘బ్లాక్ ఫ్రైడే’ చూశారుగా? బొంబాయి పేలుళ్ల కేసు మూలంగా ఏళ్లపాటు డబ్బాల్లో మగ్గి, 2007లో గాని విడుదల కాని అనురాగ్ కశ్యప్ చిత్రం. అందులోని ‘బందే’ పాట మా గదికి జాతీయగీతం! లాలాపేటలో అద్దె గది, నలుగురు కుర్రాళ్లం, ఓ సెకండ్‌హ్యాండ్ కంప్యూటరు. ఆ నలుగురికీ ఢిల్లీలోని మరో నలుగురంటే పిచ్చి. వాళ్లే ‘ఇండియన్ ఓషన్’.

గిటారు సుస్మిత్ సేన్, తబలా అషీమ్ చక్రవర్తి కలిసి 1990లో పెట్టిన బ్యాండ్ అది. మరుసటేడు బేస్ గిటారుతో రాహుల్ రామ్, 1994లో డ్రమ్స్‌తో అమిత్ కిలమ్ వచ్చి చేరారు. ఇక పదిహేనేళ్లు కదల్లేదండీ! కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థనను 2000లో ‘కందీసా’ పేరిట రాక్ పాట చేసి, కుర్రకారు చేత పాడించిన ఘనులు. అషీమ్ అయితే తబలా వాయిస్తూనే పాడేసేవాడు.

2009 డిసెంబరు. ఉద్యమంతో ఉస్మానియా కాంపస్ అట్టుడికిపోతోంది. ఆ నెల 25న అషీమ్ పోయాడు. ఆ రాత్రి గదిలో ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు.

ఆయన చోటుకి ఒకరు చాల్లేదు లెండి. పాటకు హిమాంశు జోషి, తబలాకు తుహీన్ చక్రవర్తి, ఇద్దరు కావలసొచ్చారు! 2013లో సుస్మిత్ కూడా తప్పుకున్నాడు. గిటారు నిఖిల్ రావు అందుకున్నాడు.

అప్పటికి గదిలో మిగిలింది ఇద్దరమే. “పెట్టినవాళ్లిద్దరూ లేరు, ఇంకేం ఇండియన్ ఓషన్? బోర్డు మార్చుకోమను” అన్నాను. “పాట వింటావా, హాజరుపట్టీ చూస్తావా?” అన్నాడు వాడు. మాటా మాటా పెరిగింది. వాడు పెట్టె సర్దుకుని పోయాడు. నేనూ పంతంకొద్దీ ఆ పాటలు వినడం మానేశాను.

2015లో ‘మసాన్’కి ఒక్కణ్ణే వెళ్లాను. అందులో ప్రియురాల్ని రైలుతో పోల్చిన పాట ఒకటుంది. లాలాగూడ రైలు కూతలు వింటూ నిద్రపోయినవాణ్ణి గదా, గొంతు పట్టేసింది. సంగీతం ఎవరా అని టైటిల్స్ చూద్దును గదా... ఇండియన్ ఓషన్!

నా మట్టుకు పాత నలుగురి పొందికే మిన్న, ఆ మాట ఇప్పటికీ వదలను. కానీ కొత్తవాళ్లు 2023లో తెచ్చిన ‘తూ హై’ కూడా కొనుక్కున్నాను.

ఆ రాత్రే తార్నాక చౌరస్తాలో నిలబడి వాడికి ఫోన్ చేశాను. రెండేళ్ల తర్వాత.

“హాజరుపట్టీ చూడకుండానే విన్నావన్నమాట!” అని నవ్వాడు. ఆనక నా వాటా అద్దె బాకీ గుర్తుచేశాడు.