నాలుగో పరుపు

మన ఇళ్ళలో సామాను ఎంచుకునేవారు ఒకరు, వాడుకునేవారు మరొకరు. మంచం, బీరువా పెళ్ళిసామానుగా వస్తాయి. సోఫా ఎవరో బంధువులు ఊరు మారుతూ ఇచ్చిపోగా వస్తుంది. గుంటూరులోని మా ఇంటికి కూడా వస్తువులన్నీ ఇలాగే చేరాయి. మా ఇష్టంతో, మా డబ్బుతో సామాను కొనవలసిన అవసరం ఈ సంవత్సరం వరకూ రాలేదు. పెద్దమ్మాయికి నికాహ్ కుదిరాక వచ్చింది. అయితే అప్పటికే మా ఇంట్లో ఒక సోఫా గురించిన తగవు నడుస్తూ ఉంది. సామాను గురించి మేము నేర్చుకున్నదంతా ఆ తగవులోనే నేర్చుకున్నాము.

ఆ సోఫా మా పెద్దన్నగారిది. బెంగుళూరుకు బదిలీ అయినప్పుడు మాకు ఇచ్చి వెళ్ళారు. లేత గోధుమరంగు బట్ట, ముతక నేత, పైకి తేలిన దారాలు. రెండేళ్ళ క్రితం వానాకాలంలో మా మెట్ల కింద తలదాచుకున్న పిల్లికూనకు గోళ్ళు పెట్టడానికి అంతకన్నా మంచి చోటు కనిపించలేదు. దానికి మా చిన్నమ్మాయి మున్నీ అని పేరు పెట్టింది. ఏడాది తిరిగేసరికి సోఫా చేతులు రెండూ పీచులు లేచాయి. ఈద్‌కు వచ్చిన అన్నగారు అది చూసి, "దీన్ని ఏ చేపల మార్కెట్టులోనో వదిలి రండి, తిండికి లోటుండదు" అన్నారు. ఆ మాటలో కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది. తొలినాళ్ళ జీతంలో నెలనెలా మిగిల్చి కొనుక్కున్న వస్తువు అది. చిన్నమ్మాయి ఆ పూట అన్నం ముట్టలేదు.

అమ్మీ తన తఖ్తు మీద కూర్చునే తీర్పు చెప్పారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ కోసం ఉంచిన నీళ్ళ దగ్గరకు పిల్లి వస్తే, అది తాగేందుకు వీలుగా ఆయన పాత్రను వంచి పట్టుకున్నారు. కోడలు కబ్షా ఆశ్చర్యంగా చూస్తుంటే, పిల్లి అపవిత్రమైనది కాదని, అది మీ మధ్య తిరుగాడే వాటిలో ఒకటని దైవప్రవక్త (స) చెప్పిన మాటను ఆమెకు వినిపించారు. ఈ హదీసు చెప్పి అమ్మీ, "మన మధ్య తిరిగేదాన్ని మార్కెట్టులో వదలడమేమిటి బాబూ?" అన్నారు. అన్నగారు మాట్లాడలేదు. ఆయన పక్షాన కూడా న్యాయం ఉంది. సంపదను వృథా చేయడాన్ని వారించినవారు కూడా ఆ ప్రవక్తే (స) కదా! పిల్లీ ఉండాలి, సోఫా కూడా దక్కాలి. ఇక దారి వెతకవలసింది మేమే.

పశువైద్యుడిని అడిగాము. పిల్లి గోకడం అల్లరి కాదన్నారు. గోళ్ళపై ఉండే పాత పొరను అది అలా ఊడ్చుకుంటుంది, వెన్ను సాగదీసుకుంటుంది, పాదాల వాసనను ఆ చోట అంటించి తన చోటుగా గుర్తు పెట్టుకుంటుంది. కాబట్టి గోకడాన్ని మాన్పించలేము. చోటు మాత్రం మార్చగలము. వడ్రంగి దగ్గర పారవేసిన దుంగ తెచ్చి, బరువైన పలక మీద నిలబెట్టి, జనపనార తాడు బిగించి చుట్టాము. ఎత్తు మూడడుగులు. పిల్లి నిలువునా సాగి గోకగలిగేంత ఎత్తు ఉండాలి, కదలకుండా ఉండాలి. ఊగితే మళ్ళీ దాని జోలికి రాదు. దాన్ని పెరట్లో పెట్టాలని అందరికీ అనిపిస్తుంది. అది పనికిరాదు. పిల్లి ఎక్కడ గోకుతోందో సరిగ్గా అక్కడే, సోఫా మూలకు ఆనించి పెట్టాలి. సోఫా చేతులకు రెండువైపులా అంటుకునే టేపు వేశాము. పాదాలకు జిగురు తగిలితే పిల్లికి గిట్టదు. మున్నీ దుంగకు అలవాటు పడడానికి మూడు వారాలు పట్టింది. ఆ తరువాత దుంగను రోజుకు జానెడు చొప్పున గది మూలకు జరిపాము. చినిగిన చేతులకు గట్టినేత బట్ట కుట్టించాము. దారం పైకి తేలని బట్టలో గోరు సులభంగా దిగదు.

ఇక్కడ మరొక సంగతి చెప్పాలి, ఇది సోఫా కన్నా ముఖ్యమైనది. ఇంట్లో పిల్లి ఉన్నవారు ఫినైలుతో నేల తుడవడం మానుకోవాలి. ఫినాలు జాతి రసాయనాలను విరిచివేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి పాదాలు నాకినా ఆ విషం లోపలికి పోతుంది. బీరువాలో వేసే కలరా ఉండలూ అంతే ప్రమాదకరమైనవి. మేము వాటిని తీసేసి ఎండిన వేపాకు పరుస్తున్నాము. ఎప్పుడైనా పరుపు మీద మూత్రం పడితే రుద్దకుండా, పొడిబట్టతో అద్ది, చల్లటి నీళ్ళతో కడగాలి. అమోనియా వాసన వచ్చే ద్రావకాలు వాడితే అదే చోటికి మళ్ళీ వస్తుంది. జానమాజులు మాత్రం మడిచి పై అరలోనే ఉంచుతాము. పడుకోబోయే ముందు పరుపును దులుపుకోమన్న ప్రవక్త (స) బోధన మాకు చిన్నప్పటి నుంచీ తెలిసినదే. మనం లేచిపోయాక దాని మీదికి ఏం వచ్చి చేరిందో మనకు తెలియదు కదా అన్నది అందులోని మాట. ఇప్పుడు దులిపిన ప్రతిసారీ గుప్పెడు తెల్లటి వెంట్రుకలు రాలుతాయి.

ఇక నికాహ్ సామాను. అబ్బాయివారు ఏమీ అడగలేదు. అడిగినవారంతా మనవాళ్ళే! రెండు పెట్టె మంచాలు, సోఫాసెట్టు, ఆరు కుర్చీల భోజనాల బల్ల, అద్దాల అలమర అంటూ బంధువులు జాబితా రాశారు, నలుగురిలో తలెత్తుకోవాలట. విజయవాడలో అమ్మాయి కాపురం ఉండబోయేది రెండు గదుల అద్దె ఇల్లు. వెళ్ళి మెట్లు కొలిచి చూస్తే, పెట్టె మంచం ఆ మలుపు తిరగదు.

పురుషుడికి ఒక పరుపు, భార్యకు ఒకటి, అతిథికి ఒకటి, నాలుగోది షైతానుకు అన్న అర్థం గల హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. అవసరానికి మించి గొప్ప కోసం కూడబెట్టడాన్నే ఇక్కడ ఖండించారని ఇమాం నవవీ (రహ్మ) వ్యాఖ్యానం. ఆ జాబితాను అమ్మాయి ముందు పెట్టి, ఏది ఎవరి కోసమో గుర్తు పెట్టమన్నాము. సగానికి పైగా వస్తువుల ఎదుట ఎవరి పేరూ పడలేదు.

మంచానికి టేకు తీసుకున్నాము. టేకు అంటే చాలదు, చేవ చూసుకోవాలి. చెట్టు అంచున ఉండే తెల్లచెక్కకు చెదలను ఆపే నూనె ఉండదు. రంగు పూసేశాక రెండూ ఒకటిగానే కనిపిస్తాయి, అందుకే రంగు వేయకముందే చూడాలి. అరలకు రంపపుపొట్టు అదిమి చేసిన పలకలు చవక. కాని ఒకసారి తడిస్తే ఉబ్బుతాయి, విప్పి బిగిస్తే మరలు పట్టవు. అద్దె ఇళ్ళు మారేవారికి అవి పనికిరావు. ప్లైవుడ్డే తీసుకున్నాము. మామూలు గదులకు ఐఎస్ 303, నీళ్ళు తగిలే చోటికి ఐఎస్ 710 ముద్ర ఉన్నది అడగాలి. మంచాన్ని బోల్టులు విప్పి మోసుకుపోయేలా చేయించాము. గోడకు జానెడు ఎడం ఉంచమని అమ్మాయికి చెప్పాము. చెదలు పాకితే కంటబడుతుంది. పరుపులు మూడు, దూదివి. భోజనాల బల్లకు బదులు దస్తర్‌ఖాను.

మిగిలిన సొమ్ము అమ్మాయి బీఎడ్ ఫీజుకు కట్టాము. ఆ సంగతి విని, మేనత్త ఇంకా సరిగా మాట్లాడడం లేదు. మంచం వడ్రంగి కొట్టులోనే ఉంది. తేమలో పాలిష్ వేస్తే తెల్లబారుతుందట. వాన తెరిపి ఇచ్చేదాకా ఆగమన్నాడు. నికాహ్‌కు ఇంకా పద్దెనిమిది రోజులు ఉంది.