సంగటిలో బియ్యమెంత?

పోయినేడు మార్చిలో తీసిన రక్తపరీక్షలో నా హెచ్‌బీఏ1సీ 6.2 అని వచ్చింది. 6.5 దగ్గర డయాబెటిస్ గీత. నాకు ముప్ఫైనాలుగేళ్లు. మా నాయన ఆ గీత దాటి పద్దెనిమిదేళ్లయింది. రెండేళ్ల కిందట ఆయన కాలి వేలొకటి తీసేశారు.

భయంతో అన్నీ ఒకేసారి మానేశాను. సోమవారం నుంచి అన్నం లేదు, చక్కెర లేదు, పరోటా లేదు. పదకొండో రోజు రాత్రి రిలీజ్ కాల్ ఒంటిగంటకు ముగిసింది. తిరుపతి బస్టాండు దగ్గర బండి పక్కన నిలబడి నాలుగు పరోటాలు, సేర్వా తినేశాను. ప్రొడక్షన్‌లో అన్నీ ఒకేసారి మార్చొద్దని ఆఫీసులో జూనియర్లకు చెప్పేది నేనే!

తర్వాత అమ్మనడిగాను, రాత్రిళ్లు సంగటి చేయమని. నాయన ముఖం మాడిపోయింది. "సంగటి తప్పించాలనే గదరా నిన్ను చదివించింది" అన్నాడు.

పాకాల పక్కన మెట్టపల్లెలో పెరిగిన మనిషి. చిన్నప్పుడు వరిబువ్వంటే పండగే. నామిని 'మిట్టూరోడి కథలు' నేను యాస కోసం చదువుకున్నాను. మా నాయనకు అందులోని ఆకలి కొత్త కాదు. ఆయన కంచంలో తెల్లన్నం ఒక గెలుపు. దాన్ని నేను జబ్బు అంటున్నాను.

దారి చూపింది మా అవ్వ. సంగటిలో కొంచెం బియ్యమో నూకలో ఎప్పుడూ ఉంటాయి. అవి మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి, మూతపెట్టి, కట్టెతో గెలికి ముద్దలు చేస్తారు. "మా కాలంలో గుప్పెడు నూకలు, తక్కిందంతా పిండే. రెండ్రూపాయల బియ్యం వచ్చినాక బియ్యం ఎక్కువైపోయె, పిండి తక్కువైపోయె. ఆఖరికి పిండే లేకుండా పోయె" అంది.

కిలో రెండు రూపాయల బియ్యం 1983లో ఎన్టీఆర్ తెచ్చిన పథకం. అది ఎన్నో ఇళ్లలో ఆకలి తీర్చింది, ఆ మాట మరవకూడదు. నాకు తట్టింది వేరే సంగతి. సంగటి మానేద్దామని మా ఇంట్లో ఎవరూ ఏ సోమవారమూ తీర్మానించుకోలేదు. గ్లాసు గ్లాసుగా పోయింది. రావడం కూడా అట్లాగే రావాలి.

మొదట వారానికి రెండు రాత్రులు, మూడొంతులు బియ్యం, ఒక వంతు పిండి. నెల తర్వాత సగం సగం. ఆ తర్వాత బియ్యం గుప్పెడైంది. రాగులు మందేమీ కాదు, వాటిలోనూ మూడింట రెండొంతులు పిండిపదార్థమే. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించినప్పుడు రాగి బిస్కెట్లు కూడా ఆరోగ్యమైపోయాయి. నాకు పనిచేసింది మాత్రం రెండు ముద్దలు ఒకటి కావడం, పక్కన ఆకుకూర పప్పు పెరగడం. పరోటా ఇప్పటికీ ఉంది, నెలకోసారి, రెండే.

ఎనిమిది నెలలకు 5.8 వచ్చింది. నాయనకు కాగితం చూపించాను. ఏమీ అనలేదు. వారం తర్వాత ఒక రాత్రి కంచం ముందుకు జరిపి, "నాకూ ఒగ ముద్ద ఎయ్‌మే" అన్నాడు అమ్మతో. ముద్ద నడుమ వేలితో గుంట చేసి పులుసు పోయించుకున్నాడు. నలభై ఏళ్లయినా చెయ్యి మరిచిపోలేదు.

పక్కన అన్నం గిన్నె కూడా పెట్టించుకున్నాడు. నేనేమీ అనలేదు.