మూడు షిఫ్టుల ఊరు

భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ రామగుండంలో ఆగుతుంది. దిగినవాళ్లలో చాలామందిది రామగుండం కాదు. ఆ సంగతి స్టేషన్ బయట ఆటోవాళ్లకు బాగా తెలుసు. అందుకే 'ఖని... ఖని...' అని ఒకటే కేక. టికెట్ మీద ఒక ఊరు, వెళ్లేది ఇంకో ఊరు. గోదావరిఖని అని పూర్తిగా పలికేవాళ్లు కొత్తవాళ్లో, ప్రభుత్వ కాగితాలు రాసేవాళ్లో అయి ఉండాలి.

1960ల మొదట్లో ఇక్కడ బొగ్గు బావులు తవ్వేదాకా గోదావరి ఒడ్డున ఉన్నవి చిన్న చిన్న పల్లెలే. బావులు వచ్చాక మనుషులు వచ్చారు. కరీంనగర్ పల్లెల నుంచి, వరంగల్ నుంచి, కోస్తా నుంచి, ఉత్తరాది నుంచి కూడా. ఒకవైపు 1983లో మొదటి యూనిట్ మొదలైన ఎన్టీపీసీ పొగగొట్టాలు, ఇంకోవైపు 1999లో మూతపడి, 2021లో కొత్త రూపంలో తిరిగి ఉత్పత్తి మొదలుపెట్టిన ఎరువుల కర్మాగారం, పక్కనే గోదావరి. అన్నీ కలిపి 2009లో రామగుండం కార్పొరేషన్ అయింది. హైదరాబాద్ రెండు వందల కిలోమీటర్లకు పైనే ఉన్నా రాజీవ్ రహదారి మీద నాలుగైదు గంటల్లో చేరుకోవచ్చు. పట్నానికి ఇంత దూరంలో ఉండీ పట్నం సందడి తగ్గని ఊరు ఇది.

ఇక్కడ గడియారం చూసేవాళ్లు తక్కువ. పొద్దున ఏడు, మధ్యాహ్నం మూడు, రాత్రి పదకొండు... ఊరికి తెలిసిన వేళలు ఆ మూడే. తెల్లవారకముందే టిఫిన్ బండ్ల మీద ఇడ్లీ పాత్రలు పొగలు కక్కుతుంటాయి, ఫస్టు షిఫ్టువాళ్లు తిని పోవాలి కదా. మూడు దాటితే చౌరస్తా నిండిపోతుంది. చేతిలో ఖాళీ టిఫిన్ క్యారియర్, ఎంత కడిగినా కనురెప్పల అంచున కాటుకలా మిగిలిపోయిన బొగ్గు నలుపు. చేపలు, కూరగాయల బేరాలు ఆ వేళకే జోరందుకుంటాయి. పెళ్లి భోజనాలకు కూడా బంధువులు షిఫ్టుల వారీగానే వస్తారు. 'సెకండ్ షిఫ్టోళ్లు తిన్నరా?' అని అడిగే పెళ్లిపందిరి ఇంకెక్కడైనా ఉంటుందా?

నైట్ షిఫ్టు ఇంటి సంగతి వేరు. తండ్రి పొద్దున్నే బాయి నుంచి వచ్చి పడుకుంటాడు. (గనిని ఇక్కడ ఎవరూ గని అనరు, బాయి అంటారు.) ఇక పట్టపగలు ఇంట్లో గుసగుసలే. కుక్కర్ కూత వేయకముందే దింపేస్తారు. పిల్లలు పక్క గల్లీకి వెళ్లి ఆడుకుంటారు. అక్కడా ఎవరో ఒకరు నైట్ షిఫ్టు చేసి వచ్చే ఉంటారు కాబట్టి అక్కడి నుంచీ తరిమేస్తారు. ఖనిలో పెరిగిన పిల్లలకు మెల్లగా నడవడం ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు.

ఆడవాళ్లు నేర్చుకున్నది మరొకటి ఉంది. షిఫ్టు దిగిన మనిషి ఇంటికి చేరడానికి ఎంతసేపు పడుతుందో వాళ్లకు నిమిషాలతో సహా తెలుసు. అరగంట ఆలస్యమైతే వాకిట్లోకి వస్తారు. గంటయితే పక్కింటికి వెళ్తారు. 2003 జూన్ 16న ఏడో ఎల్ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి పదిహేడు మంది పోయారు. ఆ అక్టోబరులోనే 8ఏ గనిలో పైకప్పు కూలి మరో పది మంది. ఆ ఏడాది తర్వాత వాకిట్లోకి వచ్చే సమయం అరగంట నుంచి పావుగంటకు తగ్గింది.

అలాంటి వాకిట్లో ముప్పై ఏళ్లు నిలబడిన ఒక ఇల్లాలు, ఆమె భర్త. ఎనిమిదో ఇంక్లైన్ కాలనీలో రెండు గదుల కంపెనీ క్వార్టరు. ముందు రేకుల షెడ్డు, వెనక జామచెట్టు. నీళ్లు, కరెంటు కంపెనీవే. ఒకప్పుడు వంటకు బొగ్గూ కంపెనీదే. సాయంత్రమైతే వాడంతా కుంపట్ల పొగ. ఆయన బదిలీ వర్కరుగా చేరి జనరల్ మజ్దూరై, టింబర్‌మ్యాన్‌గా దిగిపోయాడు. బాయిలో పైకప్పు కింద దిమ్మెలు నిలబెట్టే పని. పదిమంది తలల మీద కప్పును నిలబెట్టిన మనిషికి రిటైరయ్యేనాటికి సొంత కప్పు లేకపోయింది. పిల్లల చదువులు, ఆడపిల్ల పెళ్లి... లెక్క అడగాల్సిన పనిలేదు, ఆ కాలనీలో ఏ ఇంటి లెక్కయినా అదే.

రిటైరయితే క్వార్టరు వదలాలి. 1998 నాటి బొగ్గుగనుల పింఛను పథకం కింద వచ్చేది కొద్ది మొత్తం. ధరలు పెరిగినట్టు అది పెరగదు. కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. 'ఇంకా ఆ దుమ్ములో ఎందుకు బాపూ, మాతోనే ఉండుండ్రి' అన్నాడు. డాక్టరూ అదే అన్నాడు. ఆమెకు ఆయాసం. ఓపెన్‌కాస్టులు వచ్చాక ఆరేసిన బట్టల మీద, మూతపెట్టని నీళ్ల మీద సన్నటి నల్లపొర కట్టడం ఎవరికీ కొత్త కాదు. మే నెలలో ఎండ నలభై అయిదు దాటుతుంది. వెళ్లకపోవడానికి కారణం చెప్పమంటే ఆయన దగ్గర ఒక్కటీ లేదు.

వెళ్లారు. అయిదో అంతస్తు. లిఫ్టు ఉంది, ఇరవై నాలుగు గంటలూ నీళ్లున్నాయి. కొడుకు, కోడలు బంగారంలా చూసుకున్నారు, అబద్ధం ఎందుకు! ఆమె ఆయాసం కూడా నెల రోజుల్లో సగం తగ్గింది. కానీ ఆయన నాలుగున్నరకే లేచి కూర్చునేవాడు. 'పొద్దుగాల్నే లేచి ఏం జేస్తవు బాపూ, పండుకోరాదు' అనేవాడు కొడుకు. రాత్రి పదకొండింటికి మళ్లీ మెలకువ. ఏ షిఫ్టుకూ వెళ్లని మనిషి మూడు షిఫ్టులకూ లేచేవాడు.

అపార్ట్‌మెంటు పార్కులో పెద్దమనుషులు 'మీదే ఊరు?' అని అడిగారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆ ప్రశ్నకు ఆయన తను పుట్టిన పల్లె పేరే చెప్పేవాడు. ఖనిలో అందరూ అంతే, బతకొచ్చిన ఊరిని సొంత ఊరని చెప్పుకోరు. ఆ రోజు మాత్రం నోట్లోంచి 'ఖని' అని వచ్చింది.

నాలుగో నెలలో ఆమే తేల్చేసింది. 'ఈడ గాలి మంచిగుందన్నరు. మంచిగనే ఉంది. మాట్లాడుదమంటే మనిషేడి?'

కొడుక్కి కోపం వచ్చింది. ఆయాసం మళ్లీ ముదిరితే ఎవరు చూస్తారన్నాడు. ఆ మాటకు ఆయన దగ్గర జవాబు లేదు. ఆమె మాత్రం 'కంపెనీ దవాఖాన ఉంది, పక్కింటోళ్లున్నరు' అంది. పక్కింటివాళ్లు మందు కాదని కొడుకూ, కొడుకూ మందు కాదని తల్లీ... ఆ రాత్రి ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

ఇప్పుడు వాళ్లుండేది మార్కండేయ కాలనీలో, రెండు గదుల అద్దె ఇల్లు. ఆయాసం మళ్లీ మొదలైంది, దాచేదేం లేదు. చలికాలం రెండు నెలలు మాత్రం హైదరాబాద్ వెళ్లి ఉండాలని ఒప్పందం. డిసెంబరు 23న సింగరేణి డే అయ్యాకే బయలుదేరుతానని ఆయన పట్టు. ఆ రోజు స్టాళ్లలో తిరగాలి, పాత షిఫ్టువాళ్లందరూ అక్కడే కలుస్తారు. రెండేళ్లకోసారి గోదావరి ఒడ్డున సమ్మక్క సారలమ్మ జాతర వస్తే ఆ ఒప్పందమూ చెల్లదు.

ఊరు మాత్రం వాళ్లు వదిలి వెళ్లినప్పటిలా లేదు. సింగరేణిలో 1990ల ఆరంభంలో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. అయిదో ఇంక్లైన్ ఓపెన్‌కాస్టుగా మారిపోయింది. అరవై రెండున్నర మెగావాట్ల పాత బీ-థర్మల్ 2024లో ఆగిపోయింది. ఎన్టీపీసీ రిజర్వాయరు నీళ్ల మీద సోలార్ పలకలు తేలుతున్నాయి. షిఫ్టు దిగే వేళ చౌరస్తాలో జనం ఒకప్పటికంటే పల్చబడ్డారని టీకొట్టతను అంటాడు. ఆయన ఒప్పుకోడు. రోజూ మూడింటికి అక్కడే నిలబడి, తెలిసిన ముఖాలు లెక్కపెట్టుకుంటాడు. పెద్ద సంఖ్య ఏం కాదు.

మొన్నొక మధ్యాహ్నం కొడుకు ఫోన్ చేశాడు. అమ్మ మందులు వేసుకుంటోందా, ఇన్‌హేలర్ అయిపోయిందా అని అడుగుతుండగానే ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయింది. కిటికీ రెక్కలు దడదడలాడాయి. గూట్లో గిన్నె ఒకటి జారి కింద పడింది. అవతల ఫోన్‌లో కాసేపు మాట లేదు.

'బాపూ... బ్లాస్టింగేనా?' అన్నాడు కొడుకు.

'ఆఁ.'

'ఇంకా గదే టైముకేనా?'